లారీ శిక్షణలో చేరే ముందు క్లచ్ మీద పట్టు ఎలా వస్తుంది?

ప్రశ్న: నా వయసు 24. గాజువాకలో ఉంటూ, ఒక కంటైనర్ యార్డులో గేటు దగ్గర బళ్ల వివరాలు నమోదు చేసే పని చేస్తున్నాను. రెండేళ్ల క్రితం మా మేనమామగారి ఆటోమేటిక్ కారు మీద నేర్చుకుని, దాని మీదే పరీక్షకు వెళ్లి లైసెన్సు తీసుకున్నాను. ఇంట్లో ఉన్నది గేర్లు లేని స్కూటరు. ఇప్పుడు హెవీ లైసెన్సు కోసం శిక్షణలో చేరాలనుకుంటున్నాను. స్నేహితుడి గేర్ల కారు నడిపి చూస్తే కదిలించబోయిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోయింది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేచోట కారు వెనక్కి జారితే వెనకున్నవాళ్లు హారన్లతో హడలగొట్టారు. ముందు కారు మీద గేర్లు నేర్చుకోవాలా, నేరుగా లారీ మీదే నేర్చుకోవాలా? కారు అలవాటు లారీ చేతిని చెడగొడుతుందని మా యార్డుకు వచ్చే డ్రైవర్లు అంటున్నారు. లారీలు కూడా ఆటోమేటిక్ అయిపోతున్నప్పుడు ఈ తంటా దేనికని మా నాన్నగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

— ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ముందు కారు మీద గేర్లు నేర్చుకోండి. శ్రద్ధగా కూర్చుంటే మూడు, నాలుగు వారాలు చాలు. కారు అలవాటు లారీకి చెరుపు చేస్తుందన్న డ్రైవర్ల మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో కింద చెబుతాను. కానీ ఎడమ కాలికి క్లచ్ అంటే ఏమిటో బొత్తిగా తెలియకుండా శిక్షణ లారీ ఎక్కితే, మీ వంతుకు వచ్చే కొద్దిపాటి స్టీరింగ్ సమయం బండిని కదిలించడానికే చెల్లిపోతుంది. బండి వెడల్పు అంచనా వేయడం, వెనక చక్రాలు ఎక్కడ తిరుగుతున్నాయో చూసుకుంటూ మలుపు తీసుకోవడం, అద్దాలు చూసి రివర్సులో పెట్టడం, వాలులో దిగడం వంటి అసలు పాఠాలకు సమయం మిగలదు. కాలి పని కారులో ముగించుకుని, కంటి పని కోసం లారీ ఎక్కడం మేలు.

మీరు అడగకపోయినా ఉత్తరం వెనక మరో సందేహం కనిపిస్తోంది కాబట్టి దాన్ని ముందే తీర్చేస్తాను. ఆటోమేటిక్ కారు మీద తీసుకున్న లైసెన్సుతో గేర్ల కారు నడపవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు సైకిళ్లను గేరున్నవి, గేరులేనివి అని రెండు తరగతులుగా విడదీసింది కానీ, కార్లన్నిటికీ తేలికపాటి మోటారు వాహనం అన్న ఒకే తరగతి పెట్టింది. లారీ వంటి రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) తీసుకోవాలంటే ఆ తరగతి లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది కావాలి, వయసు 20 నిండాలి. మీకు రెండూ సరిపోయాయి. కాగితం అడ్డు రాదు కాబట్టే, రాని పనిని వచ్చినట్టు భావించుకుని రద్దీ రోడ్డెక్కే ప్రమాదం మీలాంటి వారికి ఎక్కువ. ఎన్‌ఏడీ దగ్గర జరిగింది అదే. పక్కన గేర్ల బండి బాగా నడపగలిగినవారు లేకుండా ఈ సాధన చేయకండి.

ఇక క్లచ్ సంగతి. ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి, చక్రాలు మాత్రం మనం అనుకున్నప్పుడే తిరగాలి. ఆ రెంటినీ కలపడానికీ విడదీయడానికీ ఉన్నదే క్లచ్. పెడల్ పూర్తిగా నొక్కితే రెండూ విడిపోతాయి, పూర్తిగా వదిలితే కలిసిపోతాయి. ఈ రెంటి నడుమ, క్లచ్ ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రాన్ని రాసుకుంటూ కొద్దికొద్దిగా పట్టు అందుకునే జాగా ఒకటి ఉంటుంది. వీధి భాషలో హాఫ్ క్లచ్ అనేది దాన్నే. మీరు ఆ జాగాను గుర్తుపట్టకుండా ఒక్క ఊపున దాటేస్తున్నారు కాబట్టి, తాపీగా తిరుగుతున్న ఇంజిన్ మీద బండి బరువంతా ఒకేసారి పడి అది ఆగిపోతోంది. ఆటోమేటిక్ కారులో ఎడమ కాలికి పనే ఉండదు కనుక మెల్లగా వదలడమనేది ఆ కాలు ఇంకా నేర్వలేదు. అంతకుమించి మీలో లోపమేమీ లేదు.

ఒక ఆదివారం పొద్దున్నే, మనుషులూ బళ్లూ లేని చదునైన చోటికి, వీలైతే డీజిల్ కారు తీసుకుని వెళ్లండి. ఏసీ, పాటలు ఆపేసి అద్దాలు దించండి. క్లచ్ పూర్తిగా నొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ జోలికి అసలు పోకుండా క్లచ్ పెడల్‌ను పిసరంత పిసరంత పైకి రానివ్వండి. ఒక చోటికి వచ్చేసరికి ఇంజిన్ శబ్దం కాస్త బొంగురుపోతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు పుడుతుంది, బానెట్ ముందు భాగం రవ్వంత లేచినట్టుంటుంది. నూతిలో చేద నిండి తాడు బిగిసినప్పుడు చేతికి తెలిసినట్టే, ఆ పట్టు కాలికి తెలుస్తుంది. కాలిని అక్కడే నిలపండి. కారు మనిషి నడిచే వేగంతో తనంతట తానే కదులుతుంది. నాలుగు గజాలు వెళ్లాక క్లచ్, బ్రేకు నొక్కి ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఆ పూటకు రెండో గేరు మాటే వద్దు. కళ్లతో పెడల్ వైపు చూడకుండా, శబ్దం మారడాన్ని బట్టే కాలు ఆగడం అలవాటయ్యేవరకూ ఇదొక్కటే చేయండి. చూసేవారికి విసుగ్గా ఉంటుంది, పక్కన కూర్చున్న స్నేహితుడు మెయిన్ రోడ్డుకు పోదామని తొందరపెడతాడు, వినకండి. రేపు లారీలోకి మీరు వెంట తీసుకువెళ్లేది ఈ చెవినే.

వాలు దగ్గర వెనక్కి జారడానికి కారణం ఇంకొకటి. బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ మీదికి మార్చే ఆ క్షణంలో బండిని పట్టుకునేది ఏదీ ఉండదు. అందుకని వాలులో హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, మొదటి గేరులో క్లచ్‌ను పట్టు అందుకునే జాగా వరకూ తెచ్చి, శబ్దం బరువెక్కి బండి ముందుకు గుంజుతున్నట్టు తెలిశాక, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ అప్పుడు హ్యాండ్ బ్రేక్ వదలాలి. లారీలోనూ పద్ధతి ఇదే. హ్యాండ్ బ్రేక్ స్థానంలో గాలితో పనిచేసే పార్కింగ్ బ్రేక్ లివర్ ఉంటుంది. ఎత్తుపల్లాలకు మన విశాఖలో కొదవ లేదు కాబట్టి దీనికి ఫ్లైఓవర్ దాకా పోనక్కరలేదు. మధురవాడ, కొమ్మాది వైపు కొండల వారన వేసిన లేఅవుట్లలో ఇంకా ఇళ్లు రాని వాలు రోడ్లు వెతుక్కోవచ్చు. అక్కడ తొణకకుండా కదిలించడం వచ్చాకనే హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎక్కే జాతీయ రహదారి సంగతి చూడండి.

కారుకూ లారీకీ మధ్య ఇంకో మెట్టు ఉందని చాలామందికి తెలియదు. స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 7,500 కిలోలకు లోపు ఉండే రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనపు లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. అంటే టాటా ఏస్ వంటి చిన్న గూడ్సు బండి మీకు ఇప్పుడే చట్టబద్ధంగా అందుబాటులో ఉంది. తెలిసినవారెవరైనా ఉంటే, కారు మీద చెయ్యి కుదిరాక వారి పక్కన కూర్చుని ఆ బండిని ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో నడపండి. అదే వాలు, అదే గేరు, కానీ లోడు పడగానే ఇంజిన్ ఎంత త్వరగా మూలుగుతుందో, బ్రేకు వేశాక ఎంత దూరం పోయి ఆగుతుందో ఒక్క పూటలో అర్థమవుతుంది. గేర్లు ఉన్నది వేగం కోసమని కారు మనకు నేర్పుతుంది. బరువు కోసమని గూడ్సు బండి నేర్పుతుంది. లారీ పని మొత్తం ఈ రెండో ఎరుక మీదే నడుస్తుంది.

ఇప్పుడు మీ యార్డు డ్రైవర్లు చెప్పిన సగం నిజం దగ్గరకు వద్దాం. కారులో, ముఖ్యంగా పెట్రోలు కారులో, కదిలించేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కుతూ క్లచ్ వదలడం అలవాటవుతుంది. లారీ ఇంజిన్‌కు తాపీగా తిరుగుతున్నప్పుడే బండిని కదిలించగల లాగుడు ఉంటుంది కనుక, చదును నేల మీద యాక్సిలరేటర్ ఇవ్వకుండానే క్లచ్ వదలాలి. రేజ్ చేస్తూ వదిలితే క్లచ్ ప్లేటు కాలిన వాసన యజమాని ముక్కుకు మీకంటే ముందే తగులుతుంది. కారులో ఎప్పుడూ మొదటి గేరుతోనే బయలుదేరుతాం. ఖాళీ లారీని చాలామటుకు రెండో గేరుతో కదిలిస్తారు, లోడు ఉంటేనో వాలు ఉంటేనో మొదటిది, మరీ బరువైతే మొదటిదానికీ కింద ఉండే క్రాలర్ అనే గేరు వాడతారు. మీ ఉద్యోగం మీకు ఒక చక్కని అవకాశం ఇచ్చింది. గేటు దాటి వెళ్లే ట్రైలర్లను రోజూ వినండి. చెయ్యి తిరిగిన డ్రైవరు కదిలించినప్పుడు ఇంజిన్ గొంతు పెరగదు, కాస్త బరువెక్కుతుంది, బండి కుదుపు లేకుండా సాగుతుంది. కొత్తవాడు కదిలించినప్పుడు ఇంజిన్ అరుస్తుంది, వెనక కంటైనర్ తాళాలు కూడా ఒక్కసారి టకటకలాడతాయి.

హాఫ్ క్లచ్ మీద బండిని నిలిపే అలవాటును మాత్రం కారులోనే వదిలి రండి. షీలానగర్ నుంచి పోర్టుకు పోయే రోడ్డులో, కాన్వెంట్ జంక్షన్ దగ్గర బళ్లు బారులు తీరినప్పుడు, ముందు బండి గజం కదలగానే తాను గజం కదిలి, క్లచ్‌ను సగం పట్టులో ఉంచి కాచుకుని కూర్చునే డ్రైవర్లు కనిపిస్తారు. ఆ సగం పట్టులో ప్లేటు రాసుకుంటూ వేడెక్కుతూనే ఉంటుంది. ముందు కాస్త ఖాళీ రానిచ్చి, అడుగు గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసి, కాలు పెడల్ మీద నుంచి తీసి పక్కన పెట్టి, నత్తనడకన సాగడం సరైన పద్ధతి. ఆ ఖాళీలో ఆటోలు దూరతాయి, దూరనివ్వండి.

లారీ కదలకపోతే తప్పంతా మీ కాలిదే అనుకోకండి. పొద్దున్నే స్టార్ట్ చేసిన బండిలో గాలి ట్యాంకులు నిండకముందు పార్కింగ్ బ్రేకు స్ప్రింగుల బలంతో చక్రాలను బిగించే ఉంచుతుంది. లివర్ వదిలినా వదలదు. అప్పుడు క్లచ్ ఎంత పొందికగా వదిలినా ఇంజిన్ ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద గాలి పీడనం చూపే ముల్లు పైకి వచ్చి, హెచ్చరిక దీపం ఆరేదాకా ఆగడం శిక్షణలో మొదటి పాఠం కావాలి. సీటు కూడా అంతే ముఖ్యం. క్లచ్ చివరిదాకా నొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సర్దుకోండి. కాలు చాచి వేళ్లతో అందుకోవలసి వస్తే మెల్లగా వదలడం ఎవరివల్లా కాదు. చెప్పులతో వెళ్లకండి.

గేరు మార్చడం గురించి ఎక్కువ చెప్పను, అది పక్కన మాస్టారు ఉండగా చేతికి రావలసిన పని. లారీ గేరు బాక్సులోని చక్రాలు పెద్దవి, వాటి వేగాలు కుదరడానికి కారులోకంటే ఒక ఊపిరి ఎక్కువ పడుతుంది కాబట్టి, న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆగి లివర్‌ను వేళ్లతో అటు నడిపించాలి. అరచేత్తో కుమ్మకూడదు. పాత బళ్లలో డబుల్ క్లచ్ తప్పనిసరి: గేరు దించాలంటే క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి కొద్దిగా రేజ్ చేసి, మళ్లీ క్లచ్ నొక్కి కింది గేరు వేయాలి. గేరు చక్రాల వేగాలను తానే కుదిర్చే సింక్రోమెష్ ఉన్న ఈనాటి బళ్లకు అది అవసరం లేదని చెబుతారు, నిజమే. అయినా నేర్పించమని అడగండి. ఇంజిన్ వేగం, బండి వేగం, గేరు అనే మూడింటి లెక్క దానంత బాగా మరేదీ ఒంట పట్టించదు. తొమ్మిది గేర్ల బళ్లలో లివర్ మీద లో, హై అనే మీట ఉంటుంది. వేగంలో ఉండగా హై నుంచి లోకు వేస్తే గేరు బాక్సుకే ముప్పు.

నిజంగా భయపడవలసింది ఎక్కడంలో ఇంజిన్ ఆగిపోవడం గురించి కాదు, దిగడం గురించి. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ మీద లోడు బండితో దిగుతున్నారనుకోండి. బరువు బండిని కిందికి తోస్తుంది. బ్రేకుల మీదే ఆధారపడితే డ్రమ్ములు, లైనింగులు వేడెక్కి, నొక్కినా పట్టని స్థితి వస్తుంది. మాటిమాటికీ నొక్కి వదులుతుంటే గాలి కూడా ఖర్చవుతుంది. అప్పుడు బండిని ఆపి ఉంచేది గేరు. చిన్న గేరులో, క్లచ్ పూర్తిగా వదిలి ఉన్నప్పుడు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పవలసి వస్తుంది కాబట్టి ఇంజిన్ వాటిని వెనక్కి లాగుతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ పొగగొట్టం దారిని మూసి ఆ లాగుడును ఇంకా పెంచుతుంది. కానీ క్లచ్ నొక్కిన మరుక్షణం ఈ రెండూ చక్రాలకు అందవు. వాలులో భయంవేసి క్లచ్ నొక్కడం కారు అలవాటు. లారీలో అది బండిని వదిలేయడంతో సమానం.

అందుకే గేరు దించవలసింది వాలు మొదలయ్యే ముందు. సగం దిగాక, వేగం పెరిగాక చిన్న గేరు వేయబోతే అది పడకపోవచ్చు, తీసిన గేరు తిరిగి అందకపోవచ్చు, బండి న్యూట్రల్‌లో మిగిలిపోతుంది. డీజిల్ మిగులుతుందని వాలులో కావాలనే న్యూట్రల్ వేసేవారు ఉన్నారు. ఆ లెక్క కూడా తప్పే. ఈ కాలపు ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఎవరెంత అనుభవం చెప్పినా ఈ ఒక్క విషయంలో వారి మాట వినకండి.

మీ నాన్నగారి మాటను తీసిపారేయనక్కరలేదు. ఏఎంటీ లారీలు, అంటే గేర్లు తమంతట తామే మార్చుకునేవి, వస్తున్నాయి, ఇంకా వస్తాయి. అయితే ఏఎంటీ లోపల ఉన్నది అవే గేర్లు, అదే క్లచ్ ప్లేటు. మీ కాలూ చెయ్యీ చేసే పనిని కంప్యూటరు చెప్పినట్టు ఒక యంత్రం చేస్తుంది. ముందు మలుపు అవతల దిగుడు ఉందని దానికి తెలియదు, మీకు తెలుసు. ఘాట్ మీద దాన్ని మాన్యువల్‌కు మార్చి ఏ గేరులో పట్టి ఉంచాలో నిర్ణయించవలసింది డ్రైవరే. పైగా లారీ కొన్నాక ఏళ్ల తరబడి రోడ్డు మీద ఉంటుంది, కొత్తగా చేరిన డ్రైవరు చేతికి యజమాని ఇచ్చేది సాధారణంగా షెడ్డులో పాత బండినే. గేర్లు వచ్చినవాడు ఏఎంటీ నడపగలడు, ఏఎంటీ మాత్రమే వచ్చినవాడికి సగం తాళాలు అందవు. ఇదంతా నాన్నగారికి చెప్పేటప్పుడు వాదనలా కాక, ఆయన్నే ఒకసారి గూడ్సు బండిలో పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రవాణా వాహన శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అసలు నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. ఆ 15 గంటలు ఒక్కొక్కరికా, లేక బండిలో వెనక కూర్చుని మిగతావారిని చూసే సమయం కూడా కలిపి చెబుతున్నారా అని విడమరచి అడగండి. ఒక బండికి ఎందరు నేర్చుకునేవారో, లోడుతో ఒక్కసారైనా నడిపిస్తారో లేదో, ఘాట్ కాకపోయినా కనీసం ఒక మోస్తరు దిగుడు మీదికి తీసుకువెళతారో లేదో తెలుసుకోండి. శిక్షణ పూర్తయ్యాక ఫారం 5 ధ్రువపత్రం ఇస్తారు, ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తుకు వైద్యుడు ఇచ్చే ఫారం 1-ఏ కావాలి; ఈ రెండింటికీ లైసెన్సున్న సంస్థలో ఇబ్బంది ఉండదు. శిక్షణకు వెళ్లకుండానే ఫారం 5 చేతికిస్తామనే చోటికి వెళ్లకండి. గంటల లెక్క సూటిగా చెప్పనివారికి అడ్వాన్సు కట్టకండి. వీలైతే ఒక ఉదయం వారి బండి బయలుదేరే వేళకు వెళ్లి, గాలి ముల్లు పైకి వచ్చేదాకా మాస్టారు ఆగుతున్నారో లేదో చూసి, ఆ తర్వాత చేరండి.